అంగిలి మీది మచ్చ: ఉత్తరాంధ్రలో అడ్డపొగ – క్యాన్సర్ పరిశోధన చరిత్ర (1937–1995)

వ్యాససంగ్రహం:

చుట్టను నిప్పున్న కొన నోటిలోపల ఉండేటట్లు పెట్టుకొని కాల్చడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖపట్నం వైద్యులు 1937లోనే గుర్తించారు. అటు తరువాత ఆరు దశాబ్దాలలో ఈ పరిశోధన ఆసుపత్రి వార్డు నుంచి గ్రామానికి, గ్రామం నుంచి కణకేంద్రకానికి ప్రయాణించింది. ఆ ప్రయాణంలోని ప్రధాన ఘట్టాలను పరిశీలించి, వ్యాధికారణం తెలియడానికీ, తెలిసిన విషయాన్ని బాధితులకు చెప్పడానికీ మధ్య ఏర్పడిన కాలవ్యవధిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అడ్డపొగ, చుట్ట, అంగిలి క్యాన్సర్, విశాఖపట్నం, శ్రీకాకుళం, సూక్ష్మకేంద్రకాలు, పోషకాహారం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట చుట్టకు సుదీర్ఘమైన సామాజిక చరిత్ర ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం పాత్రను చుట్ట లేకుండా ఊహించడం కష్టం. అయితే ఆ నాటకంలోని చుట్ట మగవాళ్ల కబుర్లకు, దర్జాకు, కొంత కొంటెతనానికి గుర్తు. అదే కళింగాంధ్ర తీరగ్రామాలలో చుట్టకు మరొక రూపం ఉంది. అది ఎక్కువగా స్త్రీల చుట్ట. పొలం పనిలో, వంటపొయ్యి దగ్గర, సముద్రపు ఒడ్డున, నిప్పు బయటికి కనబడకుండా నోటిలోపల కాలే చుట్ట.

అడ్డపొగలో చుట్ట కాలే తీరు మామూలు ధూమపానానికి పూర్తిగా భిన్నమైనది. వెలిగించిన కొన నాలుకకూ అంగిలికీ మధ్య ఉంటుంది. పెదవులు చుట్టను తడిపి పట్టి ఉంచుతాయి. బయట ఉన్న చల్లని కొన గుండా గాలి లోపలికి వెళ్లి నిప్పును నిలుపుతుంది. అందువల్ల చుట్ట నెమ్మదిగా, ఎక్కువసేపు కాలుతుంది. నిప్పు వేడి, పొగ, బూడిద మూడూ నేరుగా తగిలే చోటు అంగిలి. గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. పొగాకు నమిలే అలవాటున్న ప్రాంతాలలో నోటి క్యాన్సర్ ప్రధానంగా బుగ్గలోపలి పొర మీద కనిపిస్తుంది. ఉత్తరాంధ్రలో మాత్రం అది అంగిలిని ఎంచుకొంది. ఈ స్థానభేదమే తరువాతి పరిశోధన అంతటికీ మూలాధారం.

2. విశాఖపట్నం వార్డు – తొలి గుర్తింపు:

1923లో విశాఖపట్నంలో వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ కళాశాలే తరువాత ఆంధ్ర వైద్యకళాశాలగా పేరు మార్చుకొంది. 1933లో ఓడరేవు తెరుచుకోవడంతో పట్టణానికి రాకపోకలు పెరిగాయి. ఉత్తరాన గంజాం నుంచి దక్షిణాన గోదావరి దాకా విస్తరించిన తీరప్రాంతానికి ఈ ఆసుపత్రి పెద్దదిక్కు అయింది. చెదురుమదురుగా ఊళ్లలో ఉండిపోయే వ్యాధులు ఒకేచోట, ఒకే రకం వైద్యుల కంటబడడానికి ఇటువంటి బోధనాసుపత్రి అవసరం. ఒక ఊరి వైద్యుడికి అంగిలి పుండు ఒక రోగి బాధ. వందల ఊళ్ల నుంచి రోగులు వచ్చే వార్డులో అదే పుండు ఒక క్రమంగా కనిపిస్తుంది.

ఆ క్రమాన్ని నమోదు చేసిన తొలి రచనగా 1937లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ఎం.జి. కిని, సుబ్బారావు ప్రచురించిన వ్యాసాన్ని తరువాతి పరిశోధకులు పేర్కొంటారు. దీని ప్రాముఖ్యం అర్థం కావాలంటే కాలాన్ని గమనించాలి. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్‌లో డాల్, హిల్, అమెరికాలో వైండర్, గ్రాహం బలంగా నిరూపించింది 1950లో. అంతకు 13 సంవత్సరాల ముందే పొగాకు వాడే తీరుకూ ఒక ప్రత్యేక క్యాన్సర్‌కూ ఉన్న ముడిని విశాఖపట్నంలో గుర్తించారు. ఇది గణాంక నిరూపణ కాదు, వైద్యుల పరిశీలన. అయినా 1775లో లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవారి క్యాన్సర్‌ను గురించి పర్సివల్ పాట్ చేసిన పరిశీలన ఏ కోవకు చెందినదో ఇదీ ఆ కోవకు చెందినదే.

1945లో బొంబాయికి చెందిన వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి అలవాట్లతో ముడిపడిన మూడు కొత్త క్యాన్సర్ రకాలను గూర్చి వ్యాసం ప్రచురించారు. దానితో, మనుషులు రోజూ చేసే పనులే క్యాన్సర్ ఏ అవయవానికి వస్తుందో నిర్ణయించగలవన్న ఆలోచన భారతీయ వైద్యంలో స్థిరపడసాగింది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌పై రాసిన వ్యాసం శీర్షికలోనే కారణాన్ని చెప్పింది. నిప్పున్న కొనను నోటిలో ఉంచి చుట్ట కాల్చడమే కారణమని ఆ శీర్షిక సందేహం లేకుండా ప్రకటించింది.

3. నిప్పా? పొగాకా?:

కారణం అడ్డపొగ అని తేలిన తరువాత మిగిలిన ప్రశ్న ఒకటే. హాని చేసేది వేడిమా, పొగాకులోని రసాయనాలా? ఈ ప్రశ్నకు భారతదేశంలోని ఇతర అలవాట్లు పోలికగా ఉపయోగపడ్డాయి. కశ్మీరులో చలికి కడుపు దగ్గర కాంగ్రీ అనే నిప్పుకుండను పెట్టుకొనేవారికి చర్మంపై వచ్చే క్యాన్సర్‌ను శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ నీవ్ వర్ణించాడు. అక్కడ పొగాకు లేదు, వేడి ఉంది. ఉత్తర భారతంలో పెదవి కింద ఖైనీ పెట్టుకొనేవారికి ఆ పెట్టుకొన్న చోటనే క్యాన్సర్ వస్తుంది. అక్కడ వేడి లేదు, పొగాకు ఉంది. అడ్డపొగలో రెండూ ఒకేచోట కలిశాయి.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం తేటతెల్లమవుతుంది. క్యాన్సర్ శరీరమంతటి దౌర్బల్యం వల్ల కాక, హాని పదేపదే తగిలిన చోట పుడుతోంది. వంశం, కర్మ, ఒంటితత్త్వం వంటి వివరణలకు ఇక్కడ తావు తక్కువ. ఒకే కుటుంబంలో తల్లికీ కూతురికీ అంగిలి మచ్చ వస్తే దానికి వారసత్వం కంటే ముందు చూడవలసింది తల్లి నుంచి కూతురు నేర్చుకొన్న అలవాటును.

ఆంధ్ర వైద్యకళాశాల రోగనిర్ధారణ విభాగం నుంచి సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి తదితరులు 1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్'లో ప్రచురించిన అధ్యయనం ధూమపానం వల్ల అంగిలి పొరలో వచ్చే మార్పులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. అప్పటికి పరిశోధకుల దృష్టి క్యాన్సర్ నుంచి క్యాన్సర్‌కు ముందుదశ వైపు మళ్లింది. పుండు పడకముందే అంగిలి ఏం చెబుతోంది అన్నది కొత్త ప్రశ్న.

4. వార్డు నుంచి గ్రామానికి:

ఆసుపత్రి ఆధారంగా చేసే పరిశోధనకు ఒక సహజ పరిమితి ఉంది. వార్డుకు వచ్చినవారే లెక్కలోకి వస్తారు. రాలేనివారు, రానివారు, ఇంకా వ్యాధి ముదరనివారు లెక్కకు అందరు. ఈ లోటును పూరించినవారు బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధన విభాగం వారు. ఫలీ ఎస్. మెహతా, గణాంక నిపుణుడు పి.సి. గుప్తా, డి.కె. దఫ్తరీ, డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్ ఈ కృషిలో ముఖ్యులు.

1969లో ప్రచురితమైన వీరి తొలి నివేదిక 50,915 మంది గ్రామీణులకు సంబంధించినది. గుజరాత్‌లోని భావ్‌నగర్, కేరళలోని ఎర్నాకుళం, బీహారులోని దర్భంగా, అప్పటి బీహారులోనే ఉన్న సింగ్‌భూమ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ నుంచి శ్రీకాకుళం జిల్లాను ఎంచుకొన్నారు. 1971లో శ్రీకాకుళంపై ప్రత్యేక నివేదిక వెలువడింది. 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించగా, వారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉన్నట్లు తేలింది. అంతకుముందు వైద్యరచనలలో విడ్డూరమైన అలవాటుగా కనిపించినది ఆ గ్రామాలలో సర్వసాధారణమైన దినచర్య అని ఈ సంఖ్య చాటింది. అలవాటున్నవారిలో స్త్రీలు ఎక్కువ.

ఇక్కడ చరిత్ర పరిశోధకులు గమనించవలసిన పరిపాలనా విషయం ఒకటి ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా దక్షిణభాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడివడింది. కాబట్టి 1937 నాటి రచనలోని 'విశాఖపట్నం', 1971 నాటి నివేదికలోని 'శ్రీకాకుళం' రెండు వేర్వేరు ప్రాంతాల పేర్లుగా కనిపించినా, అవి చాలావరకు ఒకే భూభాగాన్ని సూచిస్తాయి. ఈ సంగతి మరచి రెండింటిని పోల్చితే అలవాటు ఉత్తరానికి జరిగిందన్న తప్పుడు నిర్ధారణకు వచ్చే ప్రమాదం ఉంది. జరిగింది అలవాటు కాదు, జిల్లా సరిహద్దు.

1977లో మెహతా తదితరులు అంగిలి మీది మార్పులను రకరకాలుగా విభజించి వర్ణించారు. పొర గట్టిపడడం, చిన్న బుడిపెలు, తెల్లని మచ్చలు, ఎర్రని భాగాలు, పుండ్లు, రంగు కోల్పోయిన చోట్లు అనే ఈ విభజన గ్రామంలో టార్చిలైటు వెలుగులో నోరు చూసే వైద్యుడికి కూడా ఉపకరించే పరిభాషను ఏర్పరచింది.

5. చూడడం – చెప్పడం:

శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల గ్రామీణులను పదేళ్లపాటు పరిశీలించిన ఫలితాలు 1980లో వెలువడ్డాయి. ముందుదశ మచ్చలలో ఎన్ని మాయమవుతాయి, ఎన్ని నిలుస్తాయి, ఎన్ని క్యాన్సర్‌గా మారతాయి అన్నది ఈ అధ్యయనం తేల్చదలచిన విషయం. వ్యాధి సహజగమనాన్ని తెలుసుకోవడమే దీని లక్ష్యం. పొగాకు మానమని బోధించే కార్యక్రమం అందులో భాగం కాదు.

తరువాతి అధ్యయనం ఆ పని చేసింది. ఇవే మూడు ప్రాంతాలలో 36,471 మంది పొగాకు వాడకందారులను ఎంపిక చేసి, ఏటా నోటిపరీక్ష చేస్తూ, వ్యక్తిగత సలహా ద్వారాను, ప్రచార సాధనాల ద్వారాను అలవాటు మానమని ప్రోత్సహించారు. అయిదేళ్ల ఫలితాలు 1986లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. పోల్చి చూడడానికి అంతకు పదేళ్ల ముందు అవే ప్రాంతాలలో బోధన లేకుండా పరిశీలించిన 10,287 మంది సమాచారాన్ని తీసుకొన్నారు. చెప్పినచోట మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారు. కొత్త మచ్చలు పుట్టడం తగ్గింది. మాట మందుగా పనిచేయగలదని ఈ అధ్యయనం నిరూపించింది.

ఈ నిరూపణలోనే ఒక నైతిక ప్రశ్న దాగి ఉంది. బోధన ఫలితాన్ని ఇచ్చిందని చెప్పగలగడానికి బోధన లేని సమూహం ఒకటి ఉండాలి. ఆ సమూహం మొదటి దశాబ్దపు గ్రామీణులు. అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు కారణమని 1957 నాటికే అచ్చులో ఉంది. మనుషులపై పరిశోధనకు సంబంధించిన హెల్సింకి ప్రకటన 1964లో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తన నైతిక విధాన ప్రకటనను 1980లో వెలువరించింది. అంటే తొలి దశాబ్దపు పరిశీలన చాలావరకు దేశీయ నియమావళి రాకముందే జరిగింది.

దీనిని పరిశోధకుల నిర్లక్ష్యంగా తీర్పు చెప్పడం చరిత్ర దృష్టికి సరిపడదు. ఆ రోజుల్లో మచ్చల గమనమే తెలియదు. ఎంతమంది మానతారో, మానితే మచ్చ తగ్గుతుందో లేదో తెలియదు. ఆ పదేళ్ల సమాచారం లేకుంటే 1986 నాటి ఫలితానికి పునాది లేదు. అయినప్పటికీ, 1937 నుంచి లెక్కిస్తే కారణం గుర్తించడానికీ, ఆ కారణాన్ని గ్రామంలో ఒక క్రమపద్ధతిలో చెప్పి ఫలితం కొలవడానికీ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయన్నది కాదనలేని సత్యం. ఆ వ్యవధిలో ఒక తరం స్త్రీలు అలవాటును తమ కూతుళ్లకు అందించారు.

6. గ్రామం నుంచి కణానికి:

జన్యుశాస్త్రం ఉత్తరాంధ్రకు మొదట క్యాన్సర్ ద్వారా రాలేదు. 1960ల ఆరంభంలో జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, వాటి ఫలితాలపై అధ్యయనాలు ప్రచురించారు. తరం నుంచి తరానికి సంక్రమించే జన్యువులు వారి విషయం. అదే మీరాఖాన్ తరువాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పనిచేశారు. గ్రామీణ ఆంధ్రలో అడ్డపొగ, అంగిలి మార్పులపై 1993లో 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్'లో వచ్చిన వ్యాసకర్తలలో ఆయన ఒకరు. మేనరికం నుంచి అడ్డపొగకు సాగిన ఈ మార్పులో జన్యుశాస్త్రంలోని రెండు ముఖాలు కనిపిస్తాయి. ఒకటి పుట్టుకతో వచ్చేది. రెండవది జీవించే క్రమంలో కణానికి తగిలే దెబ్బ.

ఈ రెండవదాన్ని కొలవడానికి దొరికిన సులువైన సాధనం సూక్ష్మకేంద్రకాల పరీక్ష. కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోము తునక ఏదైనా విరిగి వెనకబడితే, అది ప్రధాన కేంద్రకంలో చేరక పక్కన చిన్న కేంద్రకంగా మిగిలిపోతుంది. నోటిపొరను మెల్లగా గీకి తీసిన కణాలలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే జన్యుపదార్థానికి జరిగిన హాని తెలుస్తుంది. సూది లేదు, కోత లేదు. గ్రామాలలో చేయదగిన పరీక్ష ఇది. కెనడాకు చెందిన హాన్స్ స్టిచ్, పరీదా తదితరులు 1992లో అడ్డపొగ తాగేవారిని, ఖైనీ, గుడాకు వాడేవారిని పోల్చి చూశారు. సూక్ష్మకేంద్రకాలు నోరంతటా సమానంగా లేవు. పొగాకు తగిలే చోటనే అవి పెరిగాయి. వార్డులో కంటితో చూసి గ్రహించిన స్థానసూత్రం కణస్థాయిలోనూ నిజమని తేలింది.

7. ఆహారం పాత్ర:

హాని తగిలే చోటు తెలిసినా, అందరిలో అది ఒకే తీరుగా ఎందుకు ముదరదు అన్న ప్రశ్న మిగిలింది. దీనికి జవాబు వెదికిన సంస్థలలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒకటి. కమలా కృష్ణస్వామి నాయకత్వంలో ఆ సంస్థ అడ్డపొగ తాగే గ్రామీణులకు ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చింది. 1995లో ప్రచురితమైన ఫలితాలలో పోషకాలు అందినవారి అంగిలి మచ్చలు గణనీయంగా తగ్గాయి. అదే సంవత్సరం ఎం.పి. ప్రసాద్ తదితరుల వ్యాసం సూక్ష్మకేంద్రకాలు, డీఎన్ఏకు అంటుకొన్న హానికర పదార్థాలు కూడా తగ్గినట్లు చూపింది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. విటమిన్ మాత్ర వేసుకొని చుట్ట కాల్చుకోవచ్చన్న అర్థం ఇందులో లేదు. మచ్చ తగ్గడం క్యాన్సర్ రాకపోవడంతో సమానం కాదు. ఇందులోని అసలు విషయం వేరు. హాని ఎదుర్కొనే శక్తి కణానికి తిండి నుంచి వస్తుంది. అడ్డపొగ తాగే పేద స్త్రీ పళ్లెంలో ఆకుకూర, పప్పు, పాలు ఎంత ఉన్నాయన్న ప్రశ్న కూడా క్యాన్సర్ ప్రశ్నలో భాగమే.

8. పూర్తిగా అడగని ప్రశ్న:

ఆరు దశాబ్దాల ఈ సాహిత్యంలో అంగిలి గురించి ఉన్నంత వివరం, ఆ అంగిలి గల స్త్రీ గురించి లేదు. నిప్పు నోటిలో ఎందుకు పెట్టుకొంటారన్న విషయమై వైద్యరచనలలో కొన్ని కారణాలు కనిపిస్తాయి. సముద్రపు గాలికి, వానకు చుట్ట ఆరిపోదు. తడిపని చేసే చేతులకు పట్టుకొనే అవసరం తక్కువ. చంటిబిడ్డ మీద నిప్పురవ్వ పడదు. పెద్దల ముందు నిప్పు కనబడదు. తల్లిని చూసి నేర్చుకొన్నారు. ఇవన్నీ ఆ స్త్రీల శ్రమజీవితం నుంచి పుట్టిన కారణాలే. కానీ ఇవి నివేదికలలో ఒకటి రెండు వాక్యాలకే పరిమితమయ్యాయి. కణాన్ని కొలిచిన శ్రద్ధతో కారణాన్ని అడిగిన ప్రయత్నాలు అరుదు.

కొలంబియా, పనామా వంటి కరీబియన్ తీరదేశాలలోను, ఫిలిప్పీన్స్‌లోను కూడా ఇదే అలవాటు ఎక్కువగా స్త్రీలలో కనిపిస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని తీరాలలో ఒకే పద్ధతి పుట్టడాన్ని బట్టి దీనిని ఒక ప్రాంతపు వింతగా కాక, పనితోను మరుగుతోను ముడిపడిన పరిష్కారంగా పరిగణించడం సమంజసం. జానపద విజ్ఞానం, స్త్రీవాద చరిత్ర, భాషాశాస్త్రం చేయవలసిన పని ఇక్కడ చాలా ఉంది. అడ్డపొగకు సంబంధించిన మాటలు, సామెతలు, పాటలు, వాటిని చెప్పే పెద్దవాళ్లు ఉన్నప్పుడే సేకరించాలి.

9. ముగింపు:

అడ్డపొగ పరిశోధన చరిత్ర నుంచి గ్రహించదగిన అంశాలు ఇవి.

– పొగాకు వాడే తీరుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని అంతర్జాతీయ గణాంక నిరూపణలకు ముందే విశాఖపట్నం వైద్యులు గుర్తించారు. బోధనాసుపత్రి, దాని వెనక ఉన్న విశాలమైన గ్రామీణ ప్రాంతం దీనికి వీలు కల్పించాయి.

– వార్డు, గ్రామం, కణం అనే మూడు స్థాయిలలో ఒకే సూత్రం నిలిచింది. హాని తగిలిన చోటనే వ్యాధి పుట్టింది. ఈ క్యాన్సర్‌ను వారసత్వం కంటే అలవాటే ఎక్కువగా వివరిస్తుంది. అలవాటు మార్చదగినది కనుక వ్యాధి నివారించదగినది.

– 1937, 1971 నాటి సమాచారాన్ని పోల్చేటప్పుడు జిల్లాల పునర్విభజనను లెక్కలోకి తీసుకోవాలి.

– గుర్తింపునకూ, గ్రామాలలో కొలిచిన నివారణకూ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాల ఎడం ఉంది. పరిశోధనలో పాల్గొన్నవారికి తెలిసిన విషయాన్ని ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఒక స్పష్టమైన ఉదాహరణ.

నేడు ఉక్కు కర్మాగారానికి సమీపంలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ఉత్తరాంధ్ర రోగులకు ఆధునిక చికిత్స, జన్యుపరీక్షలు చేరువవుతున్న కాలమిది. అయితే అంగిలి క్యాన్సర్ విషయంలో అత్యంత శక్తిమంతమైన సాధనం ఇప్పటికీ నోరు తెరిపించి చూడడం, చూసినదాన్ని ఆ మనిషికి అర్థమయ్యే మాటలో అప్పుడే చెప్పడం. 1986 నాటి ఫలితం చెప్పినదీ ఇదే.